మనవాళ్ళకి లైను ఎందుకు?

ఆ మధ్య రాజమండ్రిలో ఒక కాలేజీ వాళ్ళు పిలిచారు. ఆప్టోమెట్రీ చదివే పిల్లలకి ఉద్యోగావకాశాల గురించి మాట్లాడాలన్నారు. రిటైరైపోయి ఖాళీగా కూర్చుని ఉంటుంది కదా, వస్తుందిలే అనుకున్నారు కాబోలు. ఖాళీ మాట నిజమే గానీ కూర్చోవడం నాకు చేతకాదు. ఈ నాలుగు ముక్కలు రాయడానికే పొద్దుట్నించి వీధిగుమ్మం దాకా ఎన్నిసార్లు వెళ్ళి వచ్చానో తెలియదు. అన్నేళ్ళు కంటి ఆసుపత్రి చీకటిగదిలో నిలబడి పనిచేసిన కాళ్ళు, కుర్చీలో పెడితే తిట్టుకుంటాయి.

కాలేజీ వాళ్ళే స్లైడ్లు తయారుచేసి ఇచ్చారు. కంటి ఆసుపత్రుల్లో ఉద్యోగాలు, కళ్ళజోళ్ళ షోరూముల్లో ఉద్యోగాలు, లెన్సు కంపెనీల్లో, విదేశాల్లో, కావాలంటే సొంత క్లినిక్కు. ప్రతి స్లైడు మీదా తెల్లకోటు వేసుకున్న అమ్మాయి నవ్వుతూ ఉంది. మనం ఏనాడూ అలా నవ్వుతూ నిలబడలేదు. అయినా మర్యాదకి పిలిచారు కదా అని అన్నీ చదివేశాను. చప్పట్లు కొట్టారు, శాలువా కప్పారు. ఎండాకాలంలో శాలువా!

గేటు దగ్గర ఆటో కోసం చూస్తుంటే ఒక అమ్మాయి పరుగున వచ్చింది. సన్నగా, నల్లగా, జడ గట్టిగా బిగించుకుని ఉంది.

"మేడం, ఒక మాట అడగనా అండి? ఏమీ అనుకోకండి."

"అడుగమ్మా."

"మీరు ఇందాక చెప్పినవి మీరు నమ్మే మాటలేనా అండి?"

నాకు ఒళ్ళు మండింది. వెంటనే సిగ్గూ వేసింది. ఆటోని పొమ్మని, ఎదురుగా ఉన్న టీ కొట్టుకి తీసుకెళ్ళాను. పేరు హారిక అంది. ధవళేశ్వరం దిగువన గోదారి ఒడ్డున ఒక లంక ఊరు వాళ్ళది. చేపలు పట్టే కుటుంబం. నాలుగో ఏడాది, ఇంటర్న్‌షిప్పు నేను రిటైరైన ఆసుపత్రిలోనే చేస్తోంది. నేను వచ్చేశాక చేరింది కాబట్టి నాకు తెలియదు. ఇంకొద్ది నెలల్లో చదువు అయిపోతుంది.

"అయిపోయే దాకా ఉండనండి," అంది. "హైదరాబాదులో కస్టమర్ కేర్ జాబ్ వచ్చింది. సోమవారం రైలుకి టికెట్ తీసేసుకున్నాను. ఈ కళ్ళ పని నాకొద్దండి."

అది గురువారం. ఎందుకమ్మా అని అడిగితే గ్లాసులో టీ వంకే చూస్తూ కూర్చుంది తప్ప చెప్పలేదు. ఫోన్ నంబరూ ఇంటి అడ్రసూ ఇచ్చి, "చెప్పాలనిపిస్తే చెప్పు, లేకపోతే మానెయ్," అని ఇంటికొచ్చేశాను. ఆ రాత్రి నాకు నిద్రపడితే ఒట్టు.

స్లైడ్ల మీద లేని సంగతులు

ఆ పిల్ల అడిగినదానికి జవాబు అక్కడే చెప్పి ఉండాల్సింది. ఇప్పుడు చెబుతున్నాను, మీరూ వినండి.

ఉద్యోగాలు ఉన్నాయి. అది అబద్ధం కాదు. మన గోదావరి జిల్లాల్లో షుగరు లేని ఇల్లు వెతుక్కోవాలి, షుగరు ఉన్న ప్రతివాళ్ళ కళ్ళూ ఎవరో ఒకరు చూస్తూ ఉండాలి. పిల్లల సంగతి సరేసరి, పాలు తాగాలన్నా ఫోను, పడుకోవాలన్నా ఫోను. ఒకప్పుడు బళ్ళో అద్దాలు పెట్టుకున్న పిల్లని వేళ్ళతో చూపించేవారు, ఇప్పుడు పెట్టుకోని పిల్లని చూపించాలి. కాబట్టి పని లేకపోవడం అనేది ఉండదు. మొదట్లో జీతం మాత్రం మీ ఇంజనీరింగు స్నేహితులకి చెప్పుకునేలా ఉండదు. ఆ బాధ కొన్నేళ్ళు ఉంటుంది. ఎవరైనా లేదంటే వాళ్ళు మిమ్మల్ని కాలేజీలో చేర్చుకోవడానికి వచ్చినవాళ్ళని తెలుసుకోండి.

జీతం కంటే నొప్పెట్టేది ఇంకొకటి ఉంది. "ఏం చదువుతున్నావమ్మా?" "ఆప్టోమెట్రీ అండి." "అంటే కళ్ళ డాక్టరా?" ఇక్కడ మొదలవుతుంది. కాదంటే, "ఓహో, కళ్ళజోళ్ళ కొట్టా?" అంటారు. ఈ రెండిటికీ మధ్యలో ఒక మనిషి ఉంటాడని జనానికి తెలియదు. చూపు కొలిచేది, కంటి ప్రెషర్ చూసేది, ఇది అద్దాలతో పోయేదా లేక డాక్టరు దగ్గరికి పంపాల్సిందా అని ముందుగా పసిగట్టేది మనమే. ఆపరేషన్ చెయ్యం, అది డాక్టరు పని. కానీ ఎవరిని డాక్టరు దాకా పంపాలో తెలుసుకోవడం చిన్న పనేం కాదు. పేరు పక్కన డాక్టర్ అని రాసుకోవాలని ఆశపడేవాళ్ళుంటే ఇప్పుడే వేరే దారి చూసుకోండి. నేను కోపంతో అనడం లేదు. ఆ ఆశతో ఉండిపోయి, రోగుల మీద చిరాకు పడుతూ బతికేసినవాళ్ళని చూశాను.

నేను మొదట చేరింది రావులపాలెంలో ఒక కళ్ళజోళ్ళ కొట్లో. అరటి మార్కెట్టుకి వచ్చినవాళ్ళంతా అటే వచ్చేవారు. మా ఓనరు గారు మంచి మనిషే, పండక్కి చీర పెట్టేవారు, ఆలస్యమైతే మనిషినిచ్చి ఇంటికి పంపేవారు. కానీ చూపు పరీక్ష ఉచితం అని బోర్డు పెట్టి, పరీక్షకి వచ్చినవాళ్ళు అద్దాలు కొనకుండా పోతే ఆయన ముఖం మాడిపోయేది. ఒక అరటి వ్యాపారి ఏడాది తిరక్కుండా మళ్ళీ మళ్ళీ వచ్చాడు, అద్దాలు సరిగ్గా లేవంటూ. వచ్చినప్పుడల్లా పవర్ మారుతోంది. ఇది అద్దాల తేడా కాదు, షుగరు ఏమో చూపించుకోండి అని పంపించాను. షుగరే. ఆ మనిషి తర్వాత నాకు అరటిగెల తెచ్చిచ్చాడు. ఓనరు గారు మాత్రం, "అమ్మా, అందర్నీ నువ్వు ఇలా పంపించేస్తే నేను కొట్టు ఎందుకు తెరవడం?" అన్నారు. ఆయన బాధ ఆయనది. నా బాధ నాది. కొన్నాళ్ళకి రాజమండ్రి ఆసుపత్రికి మారిపోయాను.

షోరూముల్లో చేరవద్దని చెప్పను. చాలామందికి మొదటి ఉద్యోగం అక్కడే వస్తుంది, చెయ్యి తిరుగుతుంది. చేరేముందు ఒక్కటి అడగండి. "మీకు అద్దాలు అక్కర్లేదు" అని నేను చెప్పొచ్చా అని. ఎదుటివాళ్ళు ఏం చెబుతారో కాదు, చెప్పేముందు ఎంతసేపు ఆగుతారో చూడండి.

ఇక మెషీన్లు. గడ్డం ఆనిస్తే చాలు పవర్ ఎంతో కాగితం మీద వచ్చేస్తోంది, మన ఉద్యోగాలు ఉంటాయా అని కాలేజీలో ఒకబ్బాయి అడిగాడు. మెషీను ఉన్నంత మాత్రాన నీ ఉద్యోగం పోదు నాయనా. నువ్వు కూడా మెషీనులాగే పనిచేస్తే పోతుంది.

హారిక చెప్పిన సంగతి

శుక్రవారం మధ్యాహ్నం ఆ పిల్ల తనే మా ఇంటికి వచ్చింది. చేతికి మజ్జిగ గ్లాసు ఇచ్చి, నేను నా అలవాటు కొద్దీ గదిలో అటూ ఇటూ తిరుగుతూ విన్నాను.

వాళ్ళ నాన్న పేరు నూకరాజు. గోదారిలో వల వేసే మనిషి. కూతురు రాజమండ్రిలో కళ్ళ చదువు చదువుతోందంటే, రేవు పొడుగునా "మా అమ్మాయి కళ్ళ డాక్టరు" అని చెప్పుకున్నాడు. డాక్టరు కాదు నాన్నా అని ఈ పిల్ల మొత్తుకున్నా వినలేదు. ఇంటర్న్‌షిప్పులో చేరాక ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళి, తన చేత్తో పరీక్ష చేసి, అద్దాలు రాసింది. దూరానికీ దగ్గరికీ కలిపి ఒకటే జోడు, కింద చిన్న కిటికీలా దగ్గర చూపు ముక్క ఉంటుందే, ఆ బైఫోకల్. అద్దాలతో ఆయన చార్టు మీద ఆఖరి లైను దాకా గడగడా చదివేశాడట. మా నాన్నవి బంగారం లాంటి కళ్ళు అనుకుంది.

రెండు నెలలు గడిచాయో లేదో, ఒక రోజు పట్టపగలే పడవలోంచి ఒడ్డుకి వేసిన బల్ల మీద అడుగు పెట్టబోయి పక్కన పెట్టాడు. రేవులో బురదలో పడి, మణికట్టు విరిగింది. ఇప్పుడు పిండికట్టుతో ఇంట్లో కూర్చున్నాడు. వల వేసే చెయ్యి అది.

"బైఫోకల్ పెట్టుకుని కిందకి చూస్తే మెట్టు చెదిరి కనపడుతుంది కదండీ," అంది హారిక. "పుస్తకంలో ఉంది. చదివాను. పరీక్షలో రాశాను కూడా. మా నాన్న రోజూ బల్ల మీద నడిచే మనిషని నాకు తెలియదా అండి? తెలిసీ అవే రాశాను. ఊళ్ళో అందరూ అదే అంటున్నారు. కూతురిచ్చిన అద్దాలు కాలు విరిచేవేగానీ చెయ్యితో పోయిందని నవ్వుతున్నారు. మా నాన్నకే సరిగ్గా చూడలేనిదాన్ని ఊరివాళ్ళకేం చూస్తానండి?"

ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. మజ్జిగ కూడా తాగలేదు.

నాకు ఓదార్చడం రాదు. "పడవ మనిషికి బైఫోకల్ రాస్తావా? బుద్ధుందా?" అని కసిరాను. నోరు జారాక నాలుక్కరుచుకున్నాను గానీ, నేనూ తప్పు అద్దాలదే అనుకున్నాను. అలాంటివాళ్ళకి దూరానికి ఒక జోడు, వల చిరుగులు కుట్టుకోవడానికి ఒక జోడు విడివిడిగా ఇవ్వాలి. అంతవరకూ ఎవరైనా చెబుతారు.

"మీ నాన్నని అడిగావా, ఎలా పడ్డారో?"

"ఏమని అడగనండి? ముఖం చూపించలేక హాస్టల్లోనే ఉంటున్నాను."

"రేపు పొద్దున్న పద. నేనూ వస్తాను. సోమవారం నువ్వు ఎక్కడికైనా పో, నేను ఆపను. పడిన మనిషిని అడక్కుండా మాత్రం పోకు."

జేబులో కళ్ళజోడు

నూకరాజు గారు అరుగు మీద కూర్చుని ఉన్నారు. పొడుగాటి మనిషి, నెరిసిన మీసం, మెడలోంచి వేలాడే పట్టీలో కట్టు వేసిన చెయ్యి. నన్ను చూడగానే లేచి, "రండి రండి డాక్టరమ్మగారూ, కూర్చోండి," అంటూ కుర్చీ జరపబోయి, దాని పక్కన కిందున్న చెంబుని తన్నేశారు. నీళ్ళు నా కాళ్ళ దాకా వచ్చాయి.

"అదిగో, మళ్ళీ!" అని లోపల్నుంచి హారిక వాళ్ళమ్మ కేకేసింది. "ఏవనుకోకండమ్మా, ఈయనకి కాళ్ళ దగ్గర ఏదుంటే అది తన్నందే తోచదు. మొన్న పిల్లి పిల్లని తొక్కేశాడు. ధ్యాస ఉండి చస్తేగా!"

నేను డాక్టర్ని కాదని ఆయనకి చెప్పాను. ఆయ్, ఆయ్ అని తల ఊపారు గానీ నమ్మినట్టు లేరు. కూతురు గుమ్మం పక్కన గోడకి ఆనుకుని నిలబడింది, తండ్రి వంక చూడకుండా. మీ అమ్మాయి అద్దాలు ఎలా ఉన్నాయండీ అని నేనే అడిగాను.

"అబ్బో, బెమ్మాండం అండి! పేపరు సదువుతన్నాను. ఏది ఎంత దూరాన్నున్నా కనబడతన్నాది."

"మరి పడ్డారట కదా?"

"ఆయ్, పడ్డానండి. బల్ల కనబడలేదండి."

హారిక కళ్ళు మూసుకుంది.

"అద్దాల్లోంచి చెదిరినట్టు కనపడిందా?" అన్నాను.

"అద్దాలెక్కడివండి!" అని ఆయన నవ్వారు. "నీళ్ళ మీదకి నేనెప్పుడూ ఏసుకెళ్ళనండి. కూతురిచ్చినయ్యి, గోదాట్లో పడితే ఇంకేవన్నా ఉందా? సొక్కా జేబులో గుడ్డలో సుట్టి పెట్టుకుంటాను. పడ్డప్పుడూ జేబులోనే ఉన్నాయండి. సెయ్యి ఇరిగిందిగానీ దానికి గీత పడనిచ్చానా?"

జేబులోంచి తీసి చూపించారు. నిజంగానే ఒక్క గీత లేదు.

హారిక గోడ దగ్గర నుంచి కదిలింది. నేను అరుగు దిగి వీధిలో నాలుగడుగులు వేసి వెనక్కొచ్చాను. అద్దాలు పెట్టుకోలేదు. పట్టపగలు. అద్దాలు లేకుండానే ఇన్నేళ్ళూ వల వేసిన మనిషి. ఏళ్ళ తరబడి నడిచిన బల్ల. మరి బల్ల ఎందుకు కనపడలేదు? తన్నేసిన చెంబు ఇంకా అరుగు మీద పడే ఉంది.

నేను నోరు తెరవబోయేలోపే హారిక పీట లాక్కుని తండ్రికి ఎదురుగా, మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చుంది.

"నాన్నా, ఈ కన్ను అరచేత్తో మూసుకో. నా ముక్కు వంకే చూడు. చూపు కదపకు. పక్కన నా వేళ్ళు కదులుతున్నట్టు కనపడగానే చెప్పు."

పైన కనపడ్డాయి. పక్కన కాస్త ఆలస్యంగా కనపడ్డాయి. చెయ్యి కిందకి దించి, ఇద్దరి మధ్యా ఆయన పొట్ట ఎత్తులో పెట్టి వేళ్ళు ఆడించింది.

"నాన్నా?"

"ఏంటమ్మా? ఇంకా పెట్టలేదుగా?"

రెండో కంటికీ చూసింది. అంత కాదుగానీ అదీ తగ్గింది. లేచి నా వంక తిరిగింది. ఆ పిల్ల ముఖం అప్పుడు చూడాలి మీరు. భయం, ఏడుపు, అన్నీ ఉన్నాయి, వాటి వెనక పట్టుదల కూడా ఉంది. "నీటికాసులేమో కదండీ," అంది మెల్లగా. గ్లకోమాని మనవైపు అలాగే అంటారు. కంట్లో ప్రెషర్ పెరిగి, నొప్పి లేకుండా, చడీ చప్పుడూ లేకుండా, పక్క చూపు తినేస్తుంది. నడిమధ్య చూపు చివరి దాకా మిగుల్తుంది. అందుకే ఆ మనిషి చార్టు మీద ఆఖరి లైను కూడా చదివేస్తాడు.

"ప్రెషర్ ఎంతుందమ్మా, అప్పుడు చూసినప్పుడు?" అని అడిగాను.

"చూడలేదండి," అంది హారిక.

మనవాళ్ళు

ఇది చెప్పడానికే ఇంతసేపూ రాశాను.

మా ఆసుపత్రిలో పొద్దున్నే లైను ఉంటుంది. చీటీ తీసుకున్న ప్రతివాళ్ళూ ముందు చూపు పరీక్ష, తర్వాత కంట్లోకి ఫట్‌మని గాలి కొట్టే ప్రెషర్ మెషీను, తర్వాత కంటిపాప పెద్దదవడానికి చుక్కలు, ఆ తర్వాతే డాక్టరు. కొవ్వూరు నుంచి వచ్చిన కూలీ అయినా, నిడదవోలు నుంచి రైల్లో వచ్చిన ముసలమ్మ అయినా ఈ వరస తప్పదు. తప్పేది ఒక్క స్టాఫు తాలూకు వాళ్ళకే. అక్కడ పనిచేసేవాళ్ళ అమ్మానాన్నలు, అత్తమామలు వస్తే వెనక తలుపు నుంచి తీసుకొస్తాం. "మనవాళ్ళకి లైను ఎందుకు?" అంటాం. కాఫీ ఇప్పిస్తాం. తిన్నగా మన గదిలో కూర్చోబెట్టి అద్దాల పరీక్ష చేసి, పెద్దాయన్ని చుక్కలేసి మూడు గంటలు కూర్చోబెట్టడం ఎందుకులే పాపం అని పంపించేస్తాం. అది ప్రేమ. మర్యాద. ఇలాంటిది మన దగ్గర ఏ ఆఫీసులో లేదు చెప్పండి? తెలిసినవాళ్ళున్నారంటే లైన్లో నిలబడక్కర్లేదని కాదూ పిల్లల్ని చదివించేది?

నూకరాజు గారు ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారట. లైన్లో ఉన్న జనం చూస్తుండగా కూతురు చెయ్యిపట్టుకుని లోపలికి తీసుకెళ్ళిందని ఊరంతా చెప్పుకున్నారట. ఆ లైన్లో నిలబడ్డ ఊరూపేరూ లేనివాళ్ళందరికీ ప్రెషర్ చూశారు. కూతురున్న నూకరాజు గారికే చూడలేదు.

ఆ శనివారమే ఆటో మాట్లాడుకుని ఆసుపత్రికి తీసుకొచ్చాం. నన్ను చూసి పాత స్టాఫు ఎదురొచ్చారు. "మేడం, లోపలికి రండి, డాక్టరు గారికి ఇప్పుడే చెబుతాం," అన్నారు. నూకరాజు గారు చొక్కా సర్దుకుని వెనక తలుపు వైపు నడవబోయారు.

"అటు కాదు నాన్నా," అంది హారిక. "ఇటు. చీటీ తీసుకుందాం."

"అదేంటే? అందరూ సూత్తన్నారు."

"చూడనీ."

"కూతురు పనిచేసే ఆస్పట్లో కూడా లైనేనా? మరెందుకే నీ సదువు?" ఆయన గొంతు కాస్త లేచింది. నిజంగా చిన్నబుచ్చుకున్నారు. చుట్టూ ఉన్నవాళ్ళు తిరిగి చూశారు.

ఆ పిల్ల తండ్రి మంచి చెయ్యి పట్టుకుని లైన్లో ఆఖరున తనూ నిలబడింది. "నీకు దగ్గరుండి పరీక్షలు నేనే తగ్గించేశాను నాన్నా. ఈసారి అందరికీ చూసినట్టే చూడనీ," అంది.

ప్రెషర్ బాగా ఎక్కువే ఉంది. చుక్కలేశారు, లోపలి నరం చూశారు. డాక్టరు గారు నెమ్మదస్తులు, ఏదీ దాచరు. పోయిన చూపు తిరిగి రాదని, ఉన్నదాన్ని నిలబెట్టుకోవచ్చని, జీవితాంతం రోజూ మందుచుక్కలు మానకూడదని చెప్పారు. ఇప్పటికైనా వచ్చారు, ఇంకో ఏడాది ఇలాగే తిరిగి ఉంటే నేను చెప్పగలిగింది ఏమీ ఉండేది కాదన్నారు. చివర్లో కాగితం మీద రాస్తూ రాస్తూ ఆగి, "తోడబుట్టినవాళ్ళున్నారా?" అని అడిగారు. ఇది వంశంలో నడిచే జబ్బని మీకందరికీ తెలుసు.

"ఒక్క తమ్ముడండి," అన్నారు నూకరాజు గారు. "వీరబాబు. ఆడి కళ్ళు గద్ద కళ్ళండి. ఆడికేం ఉండదు."

వెనక్కి వచ్చే దారిలో ఆయన కూతురి భుజం మీద చెయ్యి వేసుకుని కూర్చున్నారు. నాకు ఏడుపొచ్చింది, ముఖం బయటికి తిప్పుకున్నాను.

రేవులో

ఆదివారం సాయంత్రం నేను మళ్ళీ వెళ్ళాను. ఎందుకంటే ఏం చెప్పను? ఇంట్లో ఉండలేకపోయాను. మర్నాడు ఆ పిల్ల రైలు. ఆపనని మాటిచ్చాను గనక ఆపడానికి కాదు. చూడ్డానికి.

ఇంట్లో ఎవరూ లేరు. రేవులో ఉన్నారని పక్కింటివాళ్ళు చెప్పారు. గట్టు మీద నుంచి చూస్తే, బోర్లించిన ఒక పడవ మీద హారిక వాళ్ళ బాబాయి వీరబాబుని కూర్చోబెట్టి ఉంది. అన్నకంటే బాగా చిన్నవాడు, నిండుగా నవ్వే మనిషి. పది మందీ చుట్టూ మూగారు. నూకరాజు గారు అద్దాలు పెట్టుకుని దర్జాగా పక్కనే నిలబడ్డారు.

"ఒరేయ్, డాక్టరమ్మ చెప్పినట్టు కూర్చోరా, కదలకు!" అని ఎవరో అంటే, "డాక్టర్ని కాదు మామయ్యా, ఆప్టోమెట్రిస్టుని," అంది హారిక, తల కూడా తిప్పకుండా. "డాక్టరు దగ్గరికి ఎవరు వెళ్ళాలో చెప్పేదాన్ని."

"ఆ పేరు పలికేసరికి పొద్దుగూకుద్ది," అన్నాడు వీరబాబు. అందరూ నవ్వారు.

"నవ్వకు బాబాయ్. నా ముక్కు చూడు."

కుడి కన్ను మూయించింది. పైన చెయ్యి పెట్టి వేళ్ళు ఆడించింది. "ఆడతన్నాయి," అన్నాడు. పక్కన. "ఆఁ, ఆడతన్నాయి." మెల్లగా కిందకి దించింది. ఇద్దరి మధ్యా అతని మోకాలి ఎత్తు దాకా, అక్కణ్ణుంచి మళ్ళీ పైకి పొట్ట ఎత్తు దాకా తెచ్చింది. వేళ్ళు అలా ఆడుతూనే ఉన్నాయి. మేమందరం చూస్తూనే ఉన్నాం. అతను బుద్ధిగా ఆమె ముక్కు వంకే చూస్తూ ఎదురుచూస్తున్నాడు.

"ఏవే, పెట్టవేం?"

గట్టు మీద నవ్వులు ఆగిపోయాయి. నూకరాజు గారు తమ్ముడి భుజం పట్టుకున్నారు. అందరి ముఖాలూ ఒకసారి చూసి, వీరబాబు నవ్వబోయి ఆగాడు.

"ఏంటి అందరూ అలా సూత్తన్నారు? కింద ఎవరికి కనబడుద్దిరా? తల దించితేనే కదా కనబడేది? అందరికీ అంతే కదా?"

కన్ను మూసుకున్న అతని చేతిని హారిక తనే తీసింది. రెండు చేతుల్లోకీ తీసుకుంది.

"కాదు బాబాయ్," అంది. "అందరికీ అంతే కాదు. రేపు పొద్దున్న నాతో ఆసుపత్రికి వస్తున్నావు. మందు ఉంది. భయం లేదు. కానీ లైన్లో నిలబడాలి."

రేపు పొద్దున్నే కదా నీ రైలు అని నా నాలుక చివరి దాకా వచ్చింది. మింగేశాను. ఆ పిల్లా ఆ మాట ఎత్తలేదు. వీరబాబుని లేపి అన్న పక్కన నిలబెట్టింది. చున్నీతో కళ్ళు ఒక్కసారి గట్టిగా తుడుచుకుని, పడవ మీద ఖాళీ అయిన చోటు చూపించి, గట్టు మీద ఉన్నవాళ్ళ వైపు తిరిగింది.

"తర్వాత ఎవరు?"